లెమూరియా ఎక్కడికి పోయింది?

అందరికీ నమస్కారం.

నేను భూగర్భ శాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. ఏ బ్యాచ్ వచ్చినా, ఖండాల పాఠం మొదలుపెట్టిన రోజున వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సార్, సముద్రంలో మునిగిపోయిన ఖండం నిజంగా ఉండేదా?" అడిగిన పిల్లవాణ్ణి చూసి మిగతావాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు. నన్ను ఈ చదువులోకి లాక్కొచ్చింది ఆ ప్రశ్నే. నా పన్నెండో ఏట ఒక పాత పత్రికలో లెమూరియా పటం చూశాను. మడగాస్కర్ నుంచి సుమత్రా దాకా హిందూ మహాసముద్రమంతా నేలగా గీసి ఉంది. అంత పెద్ద దేశం, అందులో ఊళ్లు, మనుషులు, వాళ్ల మాటలు, అన్నీ నీళ్ల అడుగున ఉన్నాయనుకుంటే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ సాయంత్రం ఆ పటం దగ్గరే మొదలుపెడతాను.

లెమూరియా అనే పేరు ఏ ప్రాచీన గ్రంథంలోనూ లేదు. అది పుట్టింది 1864లో, ఫిలిప్ స్క్లేటర్ అనే ఇంగ్లిష్ జంతుశాస్త్రజ్ఞుడు రాసిన వ్యాసంలో. ఆయనకు ఎదురైన చిక్కు నిజమైనదే. లెమూర్ అని ఒక జంతువు ఉంది, కోతులకు దూరపు చుట్టం. మడగాస్కర్ దీవి నిండా అవే. వాటి బంధువులు ఆఫ్రికాలో కొన్ని, దక్షిణ భారతంలో, శ్రీలంకలో కొన్ని, ఇంకా తూర్పుకు వెళ్తే ఆగ్నేయాసియాలో కొన్ని కనిపిస్తాయి. మనం దేవాంగ పిల్లి అంటామే, అది కూడా ఆ కుటుంబంలోదే. మధ్యలో చూస్తే వేల కిలోమీటర్ల సముద్రం. చెట్ల మీద బతికే జంతువులు ఆ నీళ్లు ఎలా దాటాయి? నడుమ ఒకప్పుడు నేల ఉండి ఉండాలి, అది తర్వాత మునిగిపోయి ఉండాలి అన్నాడు స్క్లేటర్. ఆ నేలకు లెమూర్ల పేరే పెట్టాడు. లాటిన్‌లో 'లెమూరెస్' అంటే చనిపోయినవాళ్ల ఆత్మలు. లెమూర్లు రాత్రిళ్లు తిరుగుతాయని వాటికి ఆ పేరు వచ్చింది. చివరికి ఖండానికీ దయ్యాల పేరే మిగిలింది.

స్క్లేటర్‌ను తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ఖండాలు పక్కకు జరుగుతాయనే ఊహ ఆనాటి శాస్త్రజ్ఞుల మధ్య చెలామణిలో లేదు. నేల పైకి లేస్తుంది, కిందికి కుంగుతుంది, అంతవరకు అందరూ ఒప్పుకునేవాళ్లు. ఎత్తయిన కొండల మీద సముద్రపు గవ్వలు దొరుకుతున్నాయి కదా. సముద్రం కొండ అయినప్పుడు కొండ సముద్రం కాకూడదా? ఆ కాలంలో కూర్చుని ఆలోచిస్తే నేనైనా అదే రాసేవాణ్ణి.

తర్వాత ఆ ఊహ చేతులు మారింది. జర్మనీలో ఎర్నెస్ట్ హెకెల్ దాన్ని అందుకుని, మనిషి మొదట పుట్టింది ఆ మునిగిన నేల మీదే కావచ్చు అన్నాడు. మన పూర్వీకుల ఎముకలు దొరకడం లేదంటే అవి సముద్రం అడుగున ఉన్నాయన్నమాట! హెకెల్ రాతలు చదివి ఉత్సాహపడిన యూజీన్ దుబువా అనే డచ్ డాక్టర్ ఆగ్నేయాసియాకు వెళ్లి, 1891లో జావా దీవిలో నిజంగానే ఒక ఆదిమ మానవుడి పుర్రె పైభాగం తవ్వి తీశాడు. తప్పు పటం పట్టుకుని వెళ్లినవాళ్లకూ ఒక్కోసారి నిజం దొరుకుతుంది. 1888 నాటికి దివ్యజ్ఞాన సమాజం స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ తన పుస్తకంలో లెమూరియాలో ఒక మూల మానవజాతినే కాపురం పెట్టించింది. అక్కణ్ణుంచి అది శాస్త్రం చేయి దాటిపోయింది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. తమిళ సాహిత్యంలో సముద్రం నేలను మింగేసిన కథ లెమూరియా కన్నా ఎంతో పాతది. శిలప్పదికారంలో పహ్రుళి నదిని, కుమరి కొండలను కడలి మింగిందని ఉంది. మూడు సంగాలు, అంటే కవి పండితుల సభలు, ఉండేవని, మొదటి రెండింటి నగరాలు సముద్రం పాలయ్యాయని పాత వ్యాఖ్యానాలు చెబుతాయి. 19వ శతాబ్దం చివర స్క్లేటర్ ఖండం పేరు అక్కడికి చేరాక, ఆ రెండూ కలిసి ఒకటే కథ అయిపోయాయి. నాకు ఇది బాధ కలిగిస్తుంది. తీరం కోల్పోయిన జ్ఞాపకం ఒక జాతికి సొంతమైనది. దానికి లెమూర్ల కోసం గీసిన పటం తోడు అవసరం లేదు. జంతుశాస్త్రంలో ఆ పటం చెల్లనిదైన రోజున పాత జ్ఞాపకం కూడా దానితోపాటు అనుమానం పాలైంది. మౌసల పర్వంలో అర్జునుడు వెనక్కి తిరిగి చూస్తుండగా ద్వారక మునుగుతుంది. అది చదివినప్పుడు మనకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ జలదరింపుకు పటం అక్కర్లేదు కదా.

మరి ఆ పటం ఎందుకు చెల్లలేదు?

నీళ్ల మీద తేలే దూలాన్ని ఊహించుకోండి. చేత్తో కిందికి నొక్కండి, వదలండి. మళ్లీ పైకి వస్తుంది. ఖండం అలాంటిదే. ఖండాల పెంకు ఎక్కువగా గ్రానైట్ లాంటి తేలిక రాయి, సగటున 35 నుంచి 40 కిలోమీటర్ల మందం. సముద్రం అడుగున ఉండే పెంకు బసాల్ట్, బరువైన రాయి, మందం సుమారు 7 కిలోమీటర్లే. ఈ రెండింటి కింద ఉన్న మందమైన రాతి పొర, ప్రావారం అంటామే, అది ఇంకా బరువు. తేలికది ఎత్తుగా తేలుతుంది, బరువైనది లోతుగా కూర్చుంటుంది, ఆ పల్లంలో నీళ్లు చేరతాయి. సముద్రాలు పల్లంలో ఉండటానికి కారణం ఇదే. ఒక మహాఖండం ఒక్క రాత్రిలో నాలుగు కిలోమీటర్ల లోతుకు దిగిపోవాలంటే దాని రాయి మారాలి, లేదా దాని మందం పోవాలి. భూకంపం ఆ రెండూ చెయ్యలేదు.

ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912 జనవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో నిలబడి ఖండాలే కదిలాయని చెప్పినప్పుడు ఈ వాదం కూడా చేశాడు. ఖండాలను కలిపే నేల వంతెనలు మునిగిపోవడం అసాధ్యం, కాబట్టి నేలలే దూరం జరిగి ఉండాలి అని. చాలామంది ఒప్పుకోలేదు. 1930లో ఆయన గ్రీన్‌లాండ్ మంచులో చనిపోయేనాటికి కూడా ఆయన మాటకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. 1968లో గ్లోమార్ చాలెంజర్ అనే ఓడ దక్షిణ అట్లాంటిక్ అడుగును వరసగా డ్రిల్ చేసింది. సముద్రం అడుగున నడుమ సాగే పర్వతశ్రేణి దగ్గర అడుగు కొత్తది, దూరం వెళ్లేకొద్దీ పాతది. సముద్రం నడుమ నుంచి తెరుచుకుంటూ వచ్చిందన్నమాట. నేటి మహాసముద్రాల అడుగు దాదాపు ఎక్కడా 20 కోట్ల ఏళ్లు దాటదు. అందులో మునిగిన అట్లాంటిస్‌కు గానీ, మహా లెమూరియాకు గానీ ఖాళీ చోటు లేదు.

అయితే లెమూర్ల సంగతి? భారత భూభాగం, మడగాస్కర్ ఒకప్పుడు అతుక్కునే ఉండేవి. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. సరిపోయింది కదా అనిపిస్తుంది. కానీ లెమూర్ల పూర్వీకులు మడగాస్కర్ చేరింది ఆ తర్వాత, సుమారు 5, 6 కోట్ల ఏళ్ల కిందట. అప్పటికే అది నాలుగు వైపులా నీళ్లున్న దీవి. అంటే అవి సముద్రం దాటే వచ్చాయి! ఆఫ్రికా నదుల వరదల్లో విరిగి కొట్టుకొచ్చిన చెట్ల గుట్టలను పట్టుకుని, కనీసం 400 కిలోమీటర్ల సముద్రపాయ దాటి వచ్చాయని ఇప్పుడు ఎక్కువమంది నమ్ముతున్నారు. ఆనాటి ప్రవాహాలు ఈనాటిలా కాకుండా మడగాస్కర్ వైపు పారేవని కంప్యూటర్ నమూనాలు చూపించాయి. కొన్ని చిన్న లెమూర్లు తిండి లేనప్పుడు ఒళ్లు చల్లబరుచుకుని వారాల తరబడి మొద్దునిద్ర పోగలవు. అలాంటి జంతువు చెట్టు తొర్రలో పడుకుని సముద్రం దాటి ఉండవచ్చు. ఆలోచించండి, ఖండమంత వంతెన మునిగిందనడం సులువుగా తోచింది గానీ, ఒక చిన్న జంతువు ప్రయాణం చేసి ఉంటుందని మాత్రం తోచలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మునిగిన ఖండం అసలే లేదా అంటే, ఉంది. దాని పేరు జీలాండియా. 49 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే భారతదేశానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. అందులో 94 శాతం నీళ్ల కింద ఉంది. పైకి కనిపించేవి న్యూజీలాండ్, న్యూ కాలెడోనియా. ఇది విడి ఖండమేనని భూగర్భ శాస్త్రజ్ఞులు 2017లో గట్టిగా వాదించారు. ఇందాక దూలం సంగతి చెప్పానే, దానికి ఇది విరుద్ధమేమీ కాదు. దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న పాత మహాఖండం గోండ్వానా నుంచి విడిపోయేటప్పుడు ఈ నేల సాగి, పల్చబడి, ఆ పల్చదనం వల్ల కిందికి దిగింది. దానికి కోట్ల ఏళ్లు పట్టింది. మారిషస్‌లోనూ ఒక ముచ్చట ఉంది. ఆ దీవి అగ్నిపర్వతాల రాయి, వయసు 90 లక్షల ఏళ్ల లోపు. ఆ రాళ్లలో 300 కోట్ల ఏళ్ల నాటి జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు దొరికాయి. లావా పైకి వస్తూ, అడుగున దాగిన పాత ఖండపు తునక నుంచి వాటిని మోసుకొచ్చింది. నా పన్నెండో ఏట చూసిన పటంలో నిజం పాలు అంతే, ఇసుక రేణువంత. అయినా ఆ వార్త చదివిన రోజు నాకు పండగలా అనిపించింది. ఈ ఖండాలు నీళ్లలో దిగేనాటికి మనిషి అనేవాడే లేడు కాబట్టి, వాటి మీద నగరాల ఊసు ఎత్తలేం.

అట్లాంటిస్ గురించి తక్కువే మాట్లాడతాను, మీకు తెలిసిన కథే. క్రీ.పూ. 360 ప్రాంతంలో ప్లేటో రాశాడు. ఆయనకు ముందు ఎవరూ ఆ పేరు ఎత్తినట్టు ఆధారం లేదు. చాలామంది మరిచిపోయేది ఏమిటంటే, ఆ కథలో నాయకురాలు ఏథెన్స్. గర్వంతో దండెత్తి వచ్చిన సముద్ర సామ్రాజ్యాన్ని చిన్న ఏథెన్స్ నిలువరించడం ఆయన చెప్పదలిచిన విషయం. ఒక పగలు, ఒక రాత్రిలో అట్లాంటిస్ మునిగినప్పుడు ఏథెన్స్ సైనికులనూ భూమి మింగింది. అట్లాంటిస్ కోసం ఎందరో వెతికారు గానీ, అదే కథ చెప్పే 9,000 ఏళ్ల నాటి ఏథెన్స్ కోసం ఎవరైనా అంతగా వెతికారా? ప్లేటో తన ఊళ్లో ఉండగానే, క్రీ.పూ. 373లో, కొరింత్ అఖాతం ఒడ్డున హెలికె అనే నగరం ఒక్క రాత్రిలో భూకంపానికి కుంగి అలలకు పోయింది. అది గ్రీకుల సముద్ర దేవుడు పోసైడన్ కొలువైన ఊరు. ఆ చోట నీళ్లలో నిలబడ్డ దేవుడి కంచు విగ్రహానికి వలలు చిక్కుకుంటున్నాయని పడవవాళ్లు చెప్పుకునేవారట, వంద ఏళ్లు దాటాక కూడా. 2001లో ఆ ఊరు దొరికింది, సముద్రంలో కాదు, ఒడ్డుకు ఇవతల, పాత మడుగు పూడిక కింద. ప్లేటో కథకు ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చిందని నన్నడిగితే నేను అటువైపే చూపిస్తాను.

ఇప్పుడు మనుషులు నిజంగా పోగొట్టుకున్న నేల దగ్గరికి వద్దాం.

20 వేల ఏళ్ల కిందట మంచు యుగం ముదిరి ఉన్నప్పుడు సముద్ర మట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కింద ఉండేది. ఆ నీళ్లు ఎక్కువగా ఉత్తరాన మంచుగా గడ్డకట్టి ఉన్నాయి. జావా, సుమత్రా, బోర్నియో ఆసియాలో భాగం. న్యూగినీ, ఆస్ట్రేలియా ఒకటే నేల. బ్రిటన్ నుంచి డెన్మార్క్‌కు నడిచి వెళ్లొచ్చు. 1931లో ఉత్తర సముద్రంలో వల వేసిన ఒక చేపల ఓడకు అడుగు నుంచి నల్లటి మట్టిగడ్డ వచ్చింది. పగలగొడితే లోపల కొమ్ముతో చెక్కిన ముళ్ల ఈటె మొన. 13 వేల ఏళ్లకు పైబడినది. ఆ నేలను ఇప్పుడు డాగర్‌లాండ్ అంటున్నారు. అక్కడ జనం వేటాడారు, నదుల ఒడ్డున విడిది చేశారు. నీళ్లు తరాల తరబడి మెల్లగా ఎక్కివచ్చాయి. సుమారు 8,150 ఏళ్ల కిందట నార్వే తీరాన సముద్రపు అడుగున కొండచరియలు జారి లేచిన సునామీ, అప్పటికే మిగిలి ఉన్న పల్లపు దీవులను ఊడ్చిపెట్టింది. రాతి కోటలు లేవు, స్ఫటికాల గోపురాలు లేవు. ఆ ఈటె చెక్కిన మనిషి చేతి పని మాత్రం ఉంది. నాకు అట్లాంటిస్ మొత్తం కన్నా ఆ మొన విలువైనది.

దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియా మూలవాసులు తీరమంతటా ఒకే రకం కథ చెబుతారు. ఈ అఖాతం ఒకప్పుడు కంగారూలు వేటాడిన మైదానం, ఆ దీవికి మా తాతలు నడిచి వెళ్లేవాళ్లు అని. పాట్రిక్ నన్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు, నికొలస్ రీడ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు 2016లో అలాంటి 21 చోట్ల కథలను, సముద్రం అక్కడికి ఎప్పుడు ఎక్కిందనే లెక్కలతో పోల్చి చూశారు. అవి 7,000 ఏళ్లకు మించిన జ్ఞాపకాలని తేల్చారు. రాత లేదు, కాగితం లేదు. తండ్రి కొడుక్కి చెప్పడం, కొడుకు సరిగ్గా చెబుతున్నాడా లేదా అని బంధువులు సరిచూడటం, అంతే. మునిగిన నాగరికతల రహస్యాల కోసం సముద్రం అడుగుకు వెళ్తామనేవాళ్లలో ఎంతమంది, తీరం మీదే బతికున్న ఈ పెద్దల ముందు కూర్చున్నారు?

చివరగా మూ ఖండం. దీని గురించి మాట్లాడేటప్పుడు నాకు కోపం వస్తుంది, దాచుకోను.

16వ శతాబ్దంలో డియెగో ద లాండా అనే స్పానిష్ మతాధికారి ఇప్పటి మెక్సికోలోని యుకటాన్‌లో మాయా ప్రజల పుస్తకాలను కుప్పపోసి తగలబెట్టించాడు. ఆయనే మాయా లిపి గురించి రాసిపెట్టుకున్నాడు. ఒక మాయా లేఖకుణ్ణి కూర్చోబెట్టి మా 'ఎ' ఎలా రాస్తారు, 'బి' ఎలా రాస్తారు అని అడిగాడు. ఆ లిపిలో కొన్ని గుర్తులు మొత్తం మాటలకు, మిగతావి ఒక్కో అక్షరధ్వనికి, మన గుణింతాల్లాగా. అడిగినవాడికి అది తెలియదు, చెప్పేవాడు వినబడినదాన్ని రాశాడు. 1860లలో బ్రాసర్ ద బుర్‌బుర్ అనే ఫ్రెంచ్ పండితుడు ఆ పట్టికను వర్ణమాలగా పట్టుకుని, మిగిలిన కొద్ది మాయా పుస్తకాల్లో ఒకదాన్ని చదివానన్నాడు. రెండు గుర్తులు 'మ', 'ఉ' లాగా తోచాయి. అదే మూ, మునిగిన దేశం! ఆ పుస్తకంలో నిజంగా ఉన్నవి పూజల రోజులు, పంచాంగం లెక్కలు, తేనెటీగల పెంపకం. లాండా పట్టికను సరిగ్గా, గుణింతాలుగా అర్థం చేసుకుని ఆ లిపికి దారి తెరిచినవాడు యూరీ క్నొరోజొవ్, 1952లో. ఆలోగా మూ వేరూనిపోయింది.

1926లో జేమ్స్ చర్చ్‌వార్డ్ దాన్ని పసిఫిక్‌లోకి జరిపాడు. ఆ దీవులన్నీ మునిగిన ఖండపు కొండకొమ్ములు అన్నాడు. పోన్‌పేయ్ దీవి అంచున నాన్ మడోల్ ఉంది. పగడపు దిబ్బ మీద దాదాపు వంద కృత్రిమ దీవులు, వాటి మీద బసాల్ట్ దిమ్మెలను దుంగల్లా అడ్డంగా, నిలువుగా పేర్చిన గోడలు. పోన్‌పేయ్ జనం దాన్ని కట్టిన సౌడెలూర్ రాజుల వంశం గురించి ఇప్పటికీ చెబుతారు. చర్చ్‌వార్డ్ దాన్ని మూ శిథిలం చేశాడు. రాపా నుయి, అంటే ఈస్టర్ దీవి, విగ్రహాలకూ అదే గతి. కట్టినవాళ్ల మనవలు ఎదురుగా నిలబడి ఉండగా, మీ తాతలు కట్టలేదు, ఎవరో గొప్పవాళ్లు కట్టి మునిగిపోయారు అనడం ఎంత అన్యాయం! ఈ కథలు వినోదం కదా, వాటితో ఏం నష్టం అని నన్ను అడుగుతుంటారు. నష్టం ఆ మనవలకు జరిగింది.

పసిఫిక్ అంతటా దీవుల్లో దగ్గరి చుట్టరికమున్న భాషలు, ఒకే పంటలు ఎందుకున్నాయి? కింద ఖండం ఉంది కాబట్టి అన్నారు వాళ్లు. ఇందాకటి లెమూర్ల చిక్కే ఇది. ప్రయాణం చేసి ఉంటారనే మాట ఒక్కటే తోచలేదు. 20వ శతాబ్దంలో కూడా కొందరు పండితులు, పాలినేషియన్లు, అంటే హవాయి, తాహితి లాంటి పసిఫిక్ దీవులవాళ్లు, దారి తెలిసి రాలేదు, గాలికి కొట్టుకొచ్చారన్నారు.

1976 మే 1న హవాయి దీవుల నుంచి హొకూలెఆ అనే జంట పడవ బయలుదేరింది. పాత నావల నమూనాలో కట్టిన తెరచాప నావ. గమ్యం తాహితి, 4,000 కిలోమీటర్ల పైన. దిక్సూచి లేదు, పటం లేదు. దారి చూపే సరంగు మావు పియాయ్‌లుగ్, మైక్రోనేషియాలో సటవాల్ అనే చిన్న దీవివాడు. తాత దగ్గర పసితనం నుంచే నేర్చుకున్న విద్య అది. ఏ నక్షత్రం ఏ చోట ఉదయిస్తుందో, అలల వరసలు ఎటు నుంచి వచ్చి పడవ కింద ఎలా దాటిపోతాయో, సాయంత్రం పక్షులు ఎటు తిరిగి వెళ్తాయో, అంతా నోటి చదువు. ఆ సముద్రం ఆయనకు కొత్త. భూమధ్యరేఖ దాటాక ధ్రువ నక్షత్రం కూడా కనిపించదు. నెల రోజుల పైన అలా నడిపించాడు. ఒక రోజు తెల్లని పక్షులు కనిపించాయి, నేల దగ్గర్లో ఉందన్నాడు. జూన్ 4న పడవ తాహితిలోని పపీతే రేవులోకి వచ్చింది. ఒడ్డంతా జనం. వేల మంది నీళ్లలోకి దిగి ఎదురొచ్చారు. పిల్లలు ఎంతమంది పడవ మీదికి ఎక్కారంటే, వెనక భాగం నీళ్లలోకి దిగిపోసాగింది, మెల్లగా దింపాల్సి వచ్చింది.